పిల్లికి మందు పెట్టమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. ఇంటి వెనక పది బత్తాయి చెట్లు, కొంత పెరడు ఉన్నాయి. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఒక్క రోజు వయసున్న వనరాజా రకం కోడిపిల్లలు నలభై తెచ్చాను. ఇప్పుడు వాటికి ఐదు వారాలు. మిగిలినవి పదిహేడు. మొదటి వారం చలికి ఆరు చనిపోతే పెంటకుప్ప మీద వేశాం. ఆ తర్వాత రాత్రిపూట ఒకటి, రెండు చొప్పున ఎనిమిది మాయమయ్యాయి. పోయిన వారం మేము పత్తి ఏరడానికి వెళ్లి సాయంత్రం వచ్చేసరికి పెరట్లో తొమ్మిది చచ్చి పడి ఉన్నాయి. గూడు ఇటుకలు పేర్చి, పైన రేకు వేసి, ముందు కోళ్ల జాలీ కట్టి చేసుకున్నాం. ఊళ్లో తిరిగే పిల్లి ఒకటి మా పత్తికట్టె కుప్పలో పిల్లలు పెట్టింది. ఇదంతా దాని పనే అంటున్నారు. పక్కింటి వదిన ఎండుచేపలో పొలం గుళికలు కలిపి పెట్టమంటోంది. మా ఆయన గోనెసంచిలో పట్టి డిండి ఏరు అవతల వదిలేసి వస్తానంటున్నారు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని దానం చేసినా పాపం పోదని మా అత్తమ్మ. మొన్న పట్టబోతే తొమ్మిదేళ్ల మా అబ్బాయిని ముంజేతి మీద గీరింది, పసుపు పెట్టాం. నాకు ఆ పిల్లి మీద పగ లేదు. కానీ అప్పు కట్టాలి కదా. ఏం చేయమంటారు?

– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

సమాధానం: చెల్లెమ్మా, కోళ్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు బాబును వెంటబెట్టుకుని మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఇది చదివిన రోజే వెళ్లండి. రేబిస్ పిచ్చికుక్క కరిస్తేనే వస్తుందని మన ఊళ్లలో చాలామంది నమ్ముతారు. పిల్లి వల్ల కూడా వస్తుంది. పిల్లి రోజంతా పంజాలు నాకుతూనే ఉంటుంది కనుక దాని గోటికి ఎంగిలి అంటి ఉంటుంది. ఆ జబ్బు పైకి కనిపించాక ఏ మందూ పనిచేయదు, అంతకు ముందే టీకాలు పడితే ఆపవచ్చు. పిల్లి బాగానే తిరుగుతోంది కదా అని ఆగకండి. రోజులు గడిచిపోయాయి కదా అని మానుకోకండి. గీరినప్పుడు రక్తం వచ్చిందా అని డాక్టరు అడుగుతారు. వచ్చి ఉంటే టీకాతో పాటు గాయం చుట్టూ సీరం అనే సూదిమందు కూడా వేయాల్సి ఉంటుంది, అందుకే ఉన్నది ఉన్నట్లు చెప్పండి. తర్వాతి సూదులకు ఇచ్చిన తేదీల్లో ఒక్కటి కూడా తప్పొద్దు, పత్తి ఏరే రోజైనా సరే. ఇకమీదట ఇంట్లో ఎవరిని పిల్లి గీరినా, కుక్క కరిచినా పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టకండి. ధారగా పడే నీటి కింద సబ్బుతో పావుగంట కడిగి, అక్కడి నుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

ఇక కోళ్లు. మీ ఉత్తరం రెండుసార్లు చదివి లెక్క వేశాను. పోయినవి ఇరవై మూడు. ఊళ్లో వాళ్లు అన్నీ పిల్లి ఖాతాలోనే వేశారు. నాకు మాత్రం ఇందులో మూడు వేర్వేరు నష్టాలు కనిపిస్తున్నాయి, మూడింటికీ మందు వేరు. ఈ సంగతి తేల్చుకోకుండా పిల్లిని చంపినా, తరిమినా మిగిలిన పదిహేడు కూడా నిలవవు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి ఆరూ చలికి పోయాయని మీరే రాశారు. తల్లి రెక్కల కింద ఉండాల్సిన పసికూనలకు మొదటి వారం దాదాపు 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి కావాలి. ఆ తర్వాత వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. ఇందుకు థర్మామీటరు కొనాల్సిన పని లేదు, పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పపడితే చలి. దూరంగా జరిగి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అంతటా సమంగా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్లు. కుప్పపడినప్పుడు అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి. మీ ఆరూ అలాగే పోయి ఉంటాయి.

అవి పోయినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. కానీ వాటిని పెంటకుప్ప మీద వేయడం మాత్రం పెద్ద పొరపాటు. పిల్లల తల్లి అయిన పిల్లికి ఆకలి రెండింతలు. ఆ సమయంలో కష్టపడకుండా దొరికిన మెత్తటి మాంసం రుచి దాని నాలుక మీద నిలిచిపోతుంది. ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ అది మీ గూటి దాకా వచ్చి ఉంటుంది. చచ్చిన కోడి ఏదైనా సరే, రెండు మూడడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. ఆదివారం కోసిన కోడి పేగులు, ఈకలు, చేప తలలు కూడా ఇంటి వెనక పారేయొద్దు. ఇది పిల్లి అలవాటుతో ఆగే విషయం కాదు. రోగంతో చచ్చిన కోళ్లను తిన్న పిల్లికి ఆ రోగం పట్టవచ్చు. 2025 మొదట్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడాలో ఇళ్లలో పెంచుకునే పిల్లుల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది.

ఇప్పుడు తొమ్మిది ఒకేసారి చచ్చిన సంగతి చూద్దాం. ఇది పిల్లి పని అని నాకు అనిపించడం లేదు. పిల్లి కోడిపిల్లను పట్టిందంటే నోట కరుచుకుని పోతుంది, మళ్లీ వస్తే ఇంకొకటి తీసుకుపోతుంది. పట్టపగలు తొమ్మిదింటిని కొరికి, ఒక్కదాన్నీ తినకుండా వదిలేసి పోవడం ఎక్కువగా ముంగిస చేసే పని.

నా చిన్నప్పుడు అచ్చంపేట దగ్గర మా ఊళ్లో సరిగ్గా ఇలాగే జరిగింది. నడి మధ్యాహ్నం అమ్మ కలుపు తీసి వచ్చేసరికి గడ్డివాము పక్కన ఏడు పిల్లలు వరసగా పడి ఉన్నాయి. నేను పిల్లినే అనుకుని కర్ర అందుకున్నాను. అమ్మ నన్ను కూర్చోబెట్టి, ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుని, మెడ మీది నూగును బొటనవేలితో వెనక్కి దువ్వి చూపించింది. తల వెనక, సూదితో గుచ్చినట్లు దగ్గరదగ్గరగా సన్నటి గాట్లు ఉన్నాయి. రక్తం చుక్క కన్నా ఎక్కువ లేదు. ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది. "పిల్లి అయితే మనకు ఇది దొరికేదా? ఇది ముంగిస" అంది. మర్నాడు అదే వేళకు గోడ పక్కన కాపు కాస్తే వాము కింద నుంచి మూతి బయటపెట్టింది, ఎర్రటి కళ్లతో. ఆ రోజు నేను కర్రతో బయల్దేరింది ఏ తప్పూ చేయని పిల్లి మీదికి అన్న సంగతి నాకు ఇప్పటికీ గుర్తే. మీ తొమ్మిదింటి మెడలు ఎవరైనా చూశారేమో అడగండి.

మిగిలిన ఎనిమిదీ రాత్రిపూట, జాడ లేకుండా పోయాయి. ఇక్కడ పిల్లిని అనుమానించడం సబబే. అయితే అనుమానం ఉంటే సరిపోదు, తేల్చుకోవాలి. పొయ్యి బూడిదను జల్లెడ పట్టి, పొద్దుగూకాక గూటి చుట్టూ మూరెడు వెడల్పున పలచగా చల్లండి. తెల్లవారి ఎవరూ అటు నడవకముందే చూడండి. పిల్లి అడుగు గుండ్రంగా ఉంటుంది, నడుమ ఒక మెత్త, ముందు నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తులు ఉండవు. నడిచేటప్పుడు అది గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. కుక్క అడుగుకు గోళ్లు పడతాయి. ముంగిసకు ఐదు వేళ్లు, ప్రతి వేలి ముందూ గోరు గుచ్చుకున్న చుక్క ఉంటుంది. పందికొక్కు అయితే చిన్న అడుగులు, గూటి గోడ వారగా ఎక్కడో కొత్తగా తవ్విపోసిన మట్టి కనిపిస్తుంది. పందికొక్కు రాత్రిపూట కోడిపిల్లను బొరియలోకి ఈడ్చుకుపోతుందని చాలామందికి తెలియదు, ఆ నింద కూడా పిల్లి మీదే పడుతుంది. బూడిద మీద వంకరగా ఈడ్చిన చార ఉంటే పాము. అది పిల్లను మింగిందంటే ఈక కూడా మిగలదు.

ఇంకొక ఆనవాలు మీ ఇంట్లోనే ఉంది. పత్తికట్టె కుప్ప చుట్టూ వంగి చూడండి. పిల్లికూనలకు నెల దాటాక తల్లి వేటను వాటి దగ్గరికే తెస్తుంది. కోడి ఈకలు, పసుపు పచ్చని కాళ్లు అక్కడ కనిపిస్తే ఇక అనుమానం అక్కరలేదు. ఏమీ లేకపోతే మళ్లీ బూడిద వైపే చూడాలి.

దేవరకొండ చుట్టూ గుట్టలు, పొదలు ఉన్నాయి కనుక అడవి పిల్లి మాట కూడా చెప్పాలి. అది ఊరి పిల్లి కన్నా ఎత్తు, పొడవు కాళ్లు, పొట్టి తోకకు చివర నల్లటి కట్లు, చెవుల కొసల్లో చిన్న నల్లటి కుచ్చులు ఉంటాయి. ఎదిగిన పెట్టను కూడా ఎత్తుకుపోగలదు. అది కనిపిస్తే జోలికి పోకుండా అటవీ శాఖ వారికి చెప్పండి. అడవి పిల్లికీ ముంగిసకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

పక్కింటి వదిన చెప్పిన మందు సంగతి. ఆమె మీ మేలు కోరే చెప్పి ఉంటుంది, కానీ దయచేసి ఆ పని చేయకండి. ముందు మీ కోళ్ల కోసమే చెబుతున్నాను. వరి పొలంలో చల్లే గుళికలు చూశారు కదా, అచ్చం నూకల్లా ఉంటాయి. కోడి వాటిని ఏరుకుని తింటుంది. పక్షులకు ఆ విషం చాలా కొద్దిగా చాలు. ఎండుచేప తిన్న పిల్లి అక్కడే పడిపోదు. పెరడంతా తిరిగి, కక్కి, ఎక్కడో మూలన చస్తుంది. ఆ కక్కును కోళ్లు పొడుస్తాయి, శవాన్ని కాకులు, కుక్కలు పీకుతాయి. ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్లవాడు ఉన్నాడు, వాడు ఎక్కడ చేయి పెడతాడో మనకు తెలియదు. చట్టం కూడా ఊరుకోదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ఉంది. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువుకు విషం పెట్టినా, చంపినా ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు.

ఇవన్నీ అటుంచి ఒక్క మాట. ఆ పిల్లి చస్తే పత్తికట్టె కింద దాని పిల్లలు రెండు మూడు రోజుల పాటు అరుస్తూ ఉంటాయి. మీ వంటింట్లోకి వినిపిస్తుంది. మీ అత్తమ్మ బంగారు పిల్లి మాట అన్నది ఆ అరుపు ఏనాడో విన్న మనిషి కాబట్టేనేమో. ఆమె మాటను చాదస్తమని కొట్టిపారేయకండి.

మీ ఆయన చెప్పిన గోనెసంచి ఉపాయం కూడా నాకు నచ్చలేదు. అలా పట్టబోయే బాబు చేయి గీరుకుపోయింది, ఈసారి ఆయన చేయి. పిల్లలను వదిలిపెట్టి తల్లిని ఏరు దాటిస్తే ఆ కూనలు ఆకలితో పోతాయి. తెలియని చోట ఆ తల్లి ఏం తిని బతుకుతుంది? ఇంతా చేసి నాలుగు వారాలు తిరగకముందే ఊళ్లోని ఇంకొక పిల్లి మీ పెరటిని తనది చేసుకుంటుంది, ఎందుకంటే ఎలుకలూ ఇక్కడే ఉన్నాయి, సందు ఉన్న గూడూ ఇక్కడే ఉంది. పిల్లే లేకుండా పోతే ఇల్లు బాగుపడుతుందని కూడా అనుకోవద్దు. పత్తి నిల్వ, వడ్ల బస్తాలు, తవుడు ఉన్న ఇంట్లో పిల్లి లేకపోతే ఎలుకలు, పందికొక్కులు పెరుగుతాయి, వాటి వెంట పాములు వస్తాయి.

అందుకే నేను చెప్పేదంతా గూటి మీదే. ఎదిగిన కోడి మీదికి వెళ్లడానికి ఊరి పిల్లి సాధారణంగా జంకుతుంది. దానికి అలుసైనవి రెండు నెలల్లోపు పిల్లలు. మీవి ఇప్పుడు ఐదు వారాలవి, అంటే ఇంకో మూడు నాలుగు వారాలు మీరు గట్టిగా కాపాడితే సగం గండం గడిచినట్లే.

మీ గూడు ముందు కట్టిన జాలీ ఆరు మూలల కన్నులు ఉన్న సన్నటి తీగదే అయి ఉంటుంది, అంగుళం కన్ను. అది కోడి బయటికి పోకుండా ఆపుతుంది కానీ పిల్లి పంజా లోపలికి రాకుండా ఆపదు. రాత్రి పిల్లలు చలికి జాలీకి ఆనుకుని పడుకుంటాయి. పిల్లి బయట కూర్చుని కన్నులోంచి పంజా దూర్చి కాలో, తలో దొరకబుచ్చుకుని లాగుతుంది. పొద్దున చూస్తే గడియ వేసినట్లే ఉంటుంది, పిల్ల మాత్రం ఉండదు, లేదా తల లేని మొండెం ఉంటుంది. దీనికి అర అంగుళం కన్ను ఉన్న, అతికిన గట్టి ఇనుప జాలీ కొనండి. గూడు మొత్తానికి కొనలేకపోతే కింది నుంచి రెండడుగుల ఎత్తు వరకైనా పాత జాలీ మీద రెండో పొరగా బిగించండి. బైండింగ్ తీగతో కట్టి వదిలేస్తే సడలిపోతుంది, చెక్క పట్టీ పెట్టి మేకులు కొట్టండి.

పేర్చిన ఇటుకలకు మధ్య మట్టో, సిమెంటో లేకపోతే ఒక ఇటుక జరిపితే చాలు. తల దూరిన సందులో పిల్లి ఒళ్లంతా దూరుతుంది. నాలుగు వేళ్లు పట్టే సందు ఎక్కడ ఉన్నా అది ద్వారం కింద లెక్క. ముంగిసకు అంత కూడా అక్కరలేదు. పగలు గూటి లోపల కూర్చుని తలుపు మూయించుకోండి. వెలుతురు ఎక్కడెక్కడి నుంచి గీతలుగా పడుతోందో ఆ చోటల్లా మెత్తండి. ఇది మీ అబ్బాయికి అప్పగిస్తే సంతోషంగా చేస్తాడు, పిల్లల కంటికి పెద్దవాళ్లకు దొరకని సందులు దొరుకుతాయి.

గూటి నేల మట్టిదైతే తవ్వే జంతువులకు అడ్డు లేదు. మన వైపు బండలకు కరువు లేదు కదా, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన షాబాద్ బండ ముక్కలు పరిచినా చాలు. అవి కూడా లేకపోతే గూటి బయట చుట్టూ అడుగు వెడల్పు జాలీని నేల మీద పరిచి, మట్టి కప్పి, పైన రాళ్లు పెట్టండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది, అక్కడ గోళ్లకు ఇనుము తగిలితే వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. పైన రేకు అంచులు లేస్తున్నాయేమో చూసి బరువు పెట్టండి. తలుపుకు ఊరికే తిప్పే చెక్క గడియ ఉంటే మార్చి ఇనుప గొళ్లెం పెట్టి, అందులో ఒక మేకు దూర్చండి. గూటి చుట్టూ సర్కారు తుమ్మ కంప వేస్తే పిల్లి మెత్తటి కాళ్లతో దగ్గరకు రావడానికి ఇబ్బంది పడుతుంది. అయితే బాబు ఆడుకునే వైపు కంప వేయకండి. చలికి గూడంతా గోనెపట్టాలతో మూసేయకండి, రెట్ట ఘాటుకు పిల్లలకు ఊపిరి తిరగదు. గాలి వచ్చే వైపు మాత్రం కట్టి, ఎదురు వైపు తెరిచి ఉంచండి.

కలరా ఉండలు, కిరోసిన్, మిరపపొగ లాంటివి ఎవరైనా చెబితే వినకండి. వాన పడితే పోయే వాసనలవి. కలరా ఉండలు పిల్లవాడి చేతికి దొరికితే ఇంకొక ప్రమాదం.

మీ ఇంట్లో పాత కోళ్ల గంప ఉందా? అత్తమ్మను అడగండి. మేదరి అల్లిన గంప కింద రాత్రి కోళ్లను కమ్మి, పైన రాయి పెట్టడం ఆమెకు తెలిసే ఉంటుంది. గూడు బాగుచేసుకునే నాలుగు రోజులూ పదిహేడింటినీ రెండు గంపల కింద వసారాలో కమ్మండి. రాయి మాత్రం బరువుగా ఉండాలి. నేను ఒకసారి చేతికి అందిన చిన్న రాయి పెట్టి పడుకున్నాను. తెల్లవారి గంప పక్కకు వాలి ఉంది, పదకొండు పిల్లల్లో ఒక్కటీ లేదు. అప్పటి నుంచి తిరగలి పైరాయిని తప్ప నేను దేనినీ నమ్మలేదు.

వేళ కూడా ముఖ్యమే. పిల్లి వేటకు ఇష్టమైన సమయం మసక చీకటి, సాయంత్రమైనా, తెల్లవారుజామైనా. కోడికి ఆ వేళ కళ్లు సరిగ్గా కనిపించవు. అందువల్ల దీపం పెట్టకముందే పిల్లలన్నీ లోపల ఉండాలి. రోజూ అదే వేళకు గూట్లో గుప్పెడు నూకలు వేస్తే వారం తిరగకుండా అవే వచ్చి నిలబడతాయి. లోపలికి వెళ్లేటప్పుడు ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. పొద్దున కోడి కూసిందని తలుపు తీయకండి, ఎండ నేల మీద పడ్డాక తీయండి.

పగటికి వేరే ఏర్పాటు కావాలి, ఎందుకంటే మీరు పత్తికి వెళ్తారు. రెండు నెలలు నిండే వరకు పిల్లలను బత్తాయి చెట్ల కింద విడిగా వదలకండి. నాలుగు కడీలు పాతి, చుట్టూ జాలీ కట్టి, పైన పాత చేపల వల పరవండి. డిండి దగ్గర వల వేసేవాళ్లను అడిగితే చిరిగినవి దొరుకుతాయి. గద్దకూ కాకికీ ఆ వల చాలు. ముంగిసకు మాత్రం కింది అంచే ముఖ్యం, గూటికి చెప్పినట్లే ఇక్కడా నేల మీద జాలీ మడిచి రాళ్లు పెట్టండి. గడ్డివాము, కట్టెల మోపులు ఆ దడికి ఆనుకుని ఉండకూడదు, వాటి కిందే ముంగిస కాపురం ఉంటుంది.

ఇక కుప్పలో ఉన్న తల్లీపిల్లలు. "పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుంది" అంటారు కదా, అది నిజమే, అలికిడి ఎక్కువైతే అది చోటు మారుస్తుంది. చేయి పెట్టకుండా, రోజూ పగటిపూట కుప్ప పైనుంచి రెండు మోపులు పొయ్యికి తీసుకుపోతూ ఉండండి. రెండు మూడు రోజుల్లో అదే నోట కరుచుకుని ఇంకొక చోటికి చేరుస్తుంది. మరీ కళ్లు తెరవని కూనలైతే ఒక వారం ఓపిక పట్టండి. అది మీ వాడలోనే ఎక్కడో ఉంటుంది, ఉండనివ్వండి. పిల్లలు రెండు నెలలవై పాలు మానాక తల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఊరికి మేలు. ఆడపిల్లి ఐదారు నెలల వయసుకే చూలు కట్టగలదు, తొమ్మిది వారాలకు ఈనుతుంది, ఏడాదికి రెండు మూడు ఈతలు కూడా ఈనగలదు. మండల పశువైద్యశాలలో అడగండి. అక్కడ వీలు లేకపోతే నల్లగొండలో ఎవరు చేస్తారో వారే చెబుతారు. పిల్లిని పట్టడానికి బోను వాడండి, చేతులతో వద్దు. ఖర్చు మీరొక్కరే పెట్టుకోకండి. మీ వాడలో కోళ్లున్న ప్రతి ఇంటికీ ఇది అవసరమే, మందు పెట్టమన్న వదినను కూడా కలుపుకోండి. కోళ్లను కాపాడాలనే కదా ఆమె ఆ మాట అన్నది.

అప్పు గురించి దిగులు పడుతున్నారు. పదిహేడు మిగిలాయంటే అంతా పోయినట్లు కాదు. వనరాజా రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసమే రూపొందించిన రకం. పుంజులను మాంసానికి అమ్ముకోవచ్చు, పెట్టలు ఆరో నెల దగ్గరలో గుడ్లకు వచ్చి ఏడాదికి వంద దాకా పెడతాయి. కానీ నాటికోడి కన్నా ఒళ్లు బరువు కనుక ఆపద వస్తే ఎగిరి చెట్టెక్కలేదు, పొదుగుకు కూడా సరిగ్గా కూర్చోదు. అందుకే వీటితో పాటు రెండు నాటి పెట్టలను ఉంచుకోండి.

మళ్లీ పిల్లలు తెచ్చేటప్పుడు ఒకటి చేయండి. నాటి పెట్ట ఒకటి పొదుగుకు కూర్చుని ఇరవై రోజులు కావొచ్చిన సమయం చూసి, ఒక్క రోజు పిల్లలను పది వరకు తెప్పించండి. బాగా చీకటి పడ్డాక, దీపం లేకుండా, పెట్ట కింద ఉన్న గుడ్లు ఒక్కొక్కటీ తీస్తూ వాటి చోట ఒక్కొక్క పిల్లను మెల్లగా జార్చండి. పెట్ట గుర్రుమంటుంది, కదలకండి. పొట్ట కింద వెచ్చగా కదిలే పిల్లను తనదే అనుకుని రెక్కలు దింపుతుంది. తెల్లవారి గూటి దగ్గర కాసేపు గమనించండి. ఏ పిల్లనైనా పొడుస్తుంటే తీసి బల్బు కిందికి మార్చండి, పొడవకపోతే ఇక వాటికి బల్బు అక్కరలేదు. పిల్లల కోడి ఈకలన్నీ రేపుకుని ముఖం మీదికి దూకితే వెనకడుగు వేయని ఊరి పిల్లిని నేను చూడలేదు.

అలా తెచ్చిన కొత్త పిల్లలకు ఐదో రోజుకు, ఏడో రోజుకు మధ్య కొక్కెర తెగులు టీకా, పద్నాలుగో రోజున గంబోరో అనే జబ్బుకు టీకా పశువైద్యశాలలో అడిగి వేయించండి. ఇప్పుడున్న పదిహేడింటికి ఏ టీకాలు పడ్డాయో మీరు రాయలేదు. బాబును ఆస్పత్రికి తీసుకెళ్లి వచ్చాక, వీటి వయసు చెప్పి మిగిలిన టీకాల సంగతి కూడా అడగండి. బూడిదలో ఏ అడుగు కనిపించిందో నాకు మళ్లీ రాయండి.